ఎదురు ఫ్లాట్ అమెరికన్‌కి ఇంగ్లండ్ అంటే ఎందుకంత ప్రేమ?

పోయిన నెల సైనిక్‌పురి నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈ శీర్షికలో వేసి, జవాబు వచ్చే సంచికలో రాస్తానని చెప్పాను. ఈలోగా అది చదివి మిగతా పాఠకులూ రాశారు, కొందరు ఆ అమెరికన్‌ని మెచ్చుకుంటూ, ఒకాయన కోపంగా. ముందు ఆ ఉత్తరమే మళ్ళీ క్లుప్తంగా ఇస్తున్నాను, తర్వాత మిగతావి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా ఎదురు ఫ్లాట్‌లో ఒక అమెరికన్ ఉంటున్నాడు, మా అమ్మాయి ఆఫీసే. సొంతూరు ఒహాయోలో ఎక్కడో. మనిషి చాలా మంచివాడు, మా ఇంట్లో పప్పుచారు అన్నం కూడా తింటాడు. కానీ ఆయన ఇంట్లో అమెరికా వస్తువు ఒక్కటీ కనపడదు. గోడ మీద లండన్ బొమ్మ, షెల్ఫు నిండా ఇంగ్లండ్ బ్యాండ్ల రికార్డులు, సాయంత్రం నాలుగైతే కెటిల్‌లో టీ. పొద్దున్నే బ్రిటిష్ రేడియో పెట్టుకుని సముద్రం మీద వాతావరణం వింటాడు, సైనిక్‌పురిలో సముద్రం ఎక్కడిది? వాళ్ళతో యుద్ధం చేసి విడిపోయిన దేశం కదా అమెరికా, మళ్ళీ వాళ్ళంటేనే ఇంత ఇష్టం ఎట్లా వస్తుంది? ఇది నిజంగా ప్రేమేనా, ఫ్యాషనా?
– ఒక గృహిణి, సైనిక్‌పురి

జవాబు: ప్రేమేనమ్మా, నాకు అనుమానం లేదు. గోడ మీద బొమ్మ చూసి ఈ మాట అనడం లేదు, బొమ్మ ఎవరైనా కొని తగిలించుకుంటారు. ఆ సముద్రం వాతావరణం సంగతి చదివి అంటున్నాను. అది బీబీసీ రేడియో 4లో వచ్చే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక పేరు పెట్టి, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎంత జోరు మీద ఉంది, వాన ఉందా లేదా, ఎంత దూరం కనపడుతుంది అన్నది ఒకే వరసలో, తొందర లేని గొంతుతో చదువుతారు. డాగర్, ఫిషర్, జర్మన్ బైట్, హంబర్, థేమ్స్ అని ఆ పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, చేపల పడవ ముఖం చూడనివాళ్ళు కూడా దుప్పటి కప్పుకుని వింటూ పడుకుంటారు. అక్కడ అర్ధరాత్రి దాటాక చదివేది మనకి పొద్దున ఐదారు గంటల ప్రాంతంలో వినపడుతుంది, మీ ఎదురింటాయన వినేది బహుశా అదే. మనకీ ఇది కొత్తేం కాదు. తుపాను రోజుల్లో రేడియోలో "కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చదువుతుంటే, సికింద్రాబాద్‌లో మా నాన్నగారు చేతిలో పేపరు పక్కన పెట్టి మరీ వినేవారు. మాకు సముద్రంతో పని లేదు, అయినా ఆ రేవుల పేర్లు వరసగా చెవిన పడితే అక్కడెవరో వలలు లోపలికి లాక్కుంటున్నట్టు, పడవలు ఒడ్డుకి చేరుస్తున్నట్టు కళ్ళ ముందు కనపడేది.

ఆ 31 పేర్లలో ఒకటి మనిషి పేరు, ఫిట్జ్‌రాయ్. అంతకుముందు ఆ భాగాన్ని ఫినిస్టెర్ అనేవాళ్ళు, 2002లో మార్చారు. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుపానుకి బద్దలై వందల మంది పోయాక, ఇలా ఇంకోసారి జరగకూడదని టెలిగ్రాఫ్ ద్వారా రేవులకి ముందే హెచ్చరికలు పంపే ఏర్పాటు 1861లో మొదలుపెట్టింది ఈ ఫిట్జ్‌రాయే. ఇవన్నీ మీ ఎదురింటాయన్ని అడిగి చూడండి, గడగడా చెప్తాడని నా నమ్మకం. ఫ్యాషన్ కోసం ఇష్టపడేవాళ్ళకి జెండా బొమ్మ ఉన్న కప్పు చాలు. ఇష్టం నిజమైతే మనిషి చిన్న చిన్న వివరాల దాకా పోతాడు, ఎవరూ చూడని పొద్దుటి పూట ఒక్కడే కూర్చుని వింటాడు.

ఇక యుద్ధం సంగతి. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో అమెరికన్లు 342 పెట్టెల టీ నీళ్ళపాలు చేశారు, నిజమే. కానీ ఆ కోపం టీ మీద కాదు కదా, తమని ఒక్క మాట అడగకుండా లండన్‌లో కూర్చుని పన్ను వేసినవాళ్ళ మీద. రాజుని కాదన్నారు గానీ భాష అదే, పిల్లలకి చెప్పే కథలు అవే, చర్చిలో పాడే పాటలూ చాలావరకు అవే. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కినా నానమ్మ పెట్టిన ఆవకాయ రుచి ఇద్దరి నాలుకా మర్చిపోదు. మీ బంధువుల పిల్లలు ఎవరైనా అమెరికాలో ఎమ్మెస్ చేసి ఉంటే పట్టా ఇచ్చే రోజు వీడియో చూసే ఉంటారు, నల్ల గౌన్లు వేసుకుని పిల్లలు నడిచి వస్తుంటే వెనక ఒక గంభీరమైన ట్యూన్ వస్తుంది. అది ఇంగ్లండ్‌లో వూస్టర్ ఊళ్ళో సంగీతం కొట్టు నడిపినాయన కొడుకు ఎడ్వర్డ్ ఎల్గార్ 1901లో రాసిన మార్చ్. 1905లో యేల్ యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చినప్పుడు వాయించారు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఇంగ్లండ్‌లోనేమో కాన్వొకేషన్ అంటే ఆ ట్యూన్ గుర్తుకు రాదు, దేశభక్తి పాటగా పాడుకుంటారు.

ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన మనిషి. శామ్ వానమేకర్, చికాగోలో పుట్టిన నటుడు. 1949లో లండన్ వెళ్ళినప్పుడు, షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన గ్లోబ్ థియేటర్ ఉన్న చోటు చూద్దామని థేమ్స్ నది దక్షిణ ఒడ్డుకి వెళ్తే, బీరు ఫ్యాక్టరీ గోడకి కొట్టిన ఒక పలక తప్ప అక్కడ ఏమీ లేదు. ఆ ఊరివాళ్ళు దానికి అలవాటు పడిపోయారు, ఈయన మాత్రం పడలేకపోయాడు. 1970లో ట్రస్టు పెట్టి, చందాలు పోగేసి, అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, ఓక్ దూలాలతో, రెల్లు కప్పుతో ఆ థియేటర్‌ని మళ్ళీ కట్టించే పనిలో ఇరవై మూడేళ్ళు గడిపాడు. 1666లో లండన్ తగలబడ్డాక ఆ ఊళ్ళో రెల్లు కప్పుకి అనుమతి దొరికిన మొదటి భవనం అదే. 1993 డిసెంబరులో ఆయన పోయాడు, థియేటర్ 1997లో తెరిచారు. పూర్తయింది చూడనే లేదు ఆయన. ఒక అమెరికన్ ఇంగ్లండ్‌ని ఎంత ప్రేమించగలడో ఆ కప్పు కింద నిలబడితే తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా హాస్టల్‌లో మీ పోయిన నెల శీర్షిక చదివి పెద్ద గొడవ. నా రూమ్మేట్ ఏమంటాడంటే రాక్ మ్యూజిక్ అంతా అమెరికాదే, ఇంగ్లండ్ బ్యాండ్లు కాపీ కొట్టాయి, ఆ అమెరికన్ తన సొంత సరుకునే తిరిగి కొనుక్కుంటున్నాడు అని. నేను బీటిల్స్ పక్షం. ఎవరు రైటు? నేను ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలి?
– బీటెక్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సరుకు పుట్టింది అమెరికాలోనే బాబూ, అందులో మీ రూమ్మేట్ రైటు. కాపీ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 1961లో లండన్ దగ్గర డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో ఒక కుర్రాడు చంకలో రికార్డులు పెట్టుకుని నిలబడ్డాడు. చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ అనే అమెరికన్ గాయకుల రికార్డులవి, ఇంగ్లండ్ కొట్లలో తేలిగ్గా దొరికేవి కావు, చికాగో కంపెనీకి ఉత్తరం రాసి తెప్పించుకోవాలి. చిన్నప్పుడు ఒకే స్కూల్లో చదువుకున్న ఇంకో కుర్రాడు ఆ రికార్డులు చూసి దగ్గరికొచ్చి పలకరించాడు. రికార్డులు పట్టుకున్నవాడు మిక్ జాగర్, పలకరించినవాడు కీత్ రిచర్డ్స్. వాళ్ళ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్‌కి పేరు కూడా మడ్డీ వాటర్స్ పాట నుంచే తీసుకున్నారు. ఈ మడ్డీ వాటర్స్ మిసిసిపీ పత్తి పొలాల నుంచి చికాగో వెళ్ళిన నల్లజాతి మనిషి. ఆయన పాటని ఆయన దేశంలోనే చాలామంది తెల్లవాళ్ళు విననే లేదు, సముద్రానికి ఇవతల ఇద్దరు కుర్రాళ్ళు మాత్రం సూది అరిగేదాకా విన్నారు. 1964 జూన్‌లో స్టోన్స్ అమెరికా వెళ్ళినప్పుడు పనిగట్టుకుని చికాగోలోని ఆ కంపెనీ స్టూడియోలోనే రికార్డ్ చేసుకున్నారు. దొంగతనం చేసినవాడు ఎవరి దగ్గర కొట్టేశాడో పేరు చెప్పడు. వీళ్ళు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గురువు పేరు చెప్పుకుంటూ తిరిగారు.

బీటిల్స్ 1964 ఫిబ్రవరి 7న న్యూయార్క్‌లో దిగారు. రెండ్రోజుల తర్వాత టీవీలో పాడితే సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. లివర్‌పూల్ రేవు కుర్రాళ్ళు అమెరికా పాటని తమ యాసలో, తమ అల్లరితో కలిపి తిరిగి పట్టుకెళ్ళారు, అమెరికా పిల్లలు తమ పెరట్లో పుట్టిన సంగీతాన్ని ఆ రోజు కొత్తగా విన్నారు. మీ అమెరికన్ కొనుక్కుంటున్నది తన సొంత సరుకే అనుకున్నా, అది వేరే ఇంట్లో పెరిగి వచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల వెళ్ళినప్పటి పిల్లలా ఉండదు కదా.

ఇదంతా ఒక్క చోట చూడాలంటే లండన్‌లో బ్రూక్ స్ట్రీట్ ఉంది. 25వ నంబరు ఇంట్లో 1723 నుంచి 1759లో పోయేదాకా హాండెల్ ఉన్నాడు, జర్మనీలో పుట్టి ఇంగ్లండ్ వాడిగా మారిన సంగీతకారుడు. పక్కన 23వ నంబరు పై అంతస్తులో 1968లో జిమి హెండ్రిక్స్ దిగాడు, సియాటిల్‌లో పుట్టిన అమెరికన్, గిటార్‌ని అంతకుముందు ఎవరూ వాయించనట్టు వాయించినవాడు. పక్కింట్లో హాండెల్ ఉండేవాడని తెలిసి బజారుకి పోయి ఆయన రికార్డులు కొనుక్కొచ్చుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ కొట్లలో కర్టెన్లు, కుషన్లు స్వయంగా ఎంచుకున్నాడు, తనకంటూ ఉన్న మొదటి ఇల్లు అదేనని చెప్పుకున్నాడు. ఒక గోడకి ఇటు జర్మన్, అటు అమెరికన్, మధ్యలో రెండు వందల ఏళ్ళు. ఇద్దరికీ లండన్ ఇల్లయింది. ఇప్పుడు ఆ రెండిళ్ళూ కలిపి మ్యూజియం చేశారు. హెండ్రిక్స్ 1966లో లండన్ వచ్చేనాటికి అమెరికాలో ఎవరెవరి వెనకో గిటార్ వాయించే కుర్రాడే, లండన్ అతన్ని ముందుకి తెచ్చి నిలబెట్టింది.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలన్నావు. బీటిల్స్ ఎలాగూ వింటున్నావు కాబట్టి తర్వాత కింక్స్ అనే లండన్ బ్యాండ్‌ని విను. లండన్ గల్లీలు, శనివారం సాయంత్రాలు, చిన్న ఉద్యోగాలు, ఇవే వాళ్ళ పాటలు. 1965 నుంచి 1969 దాకా వాళ్ళకి అమెరికాలో కచేరీలు చేసే వీలు లేకుండా పోయింది, ఆ నాలుగేళ్ళూ ఇంట్లోవాళ్ళ కోసం పాడినట్టు పాడారు, అందుకే వాటిలో ఊరి వాసన ఉంటుంది. మొదటిసారి యాస అర్థం కాదు. టెన్షన్ పడకు, మూడోసారికి అవుతుంది.

ప్రశ్న: మాది పెళ్ళి బ్యాండ్ కుటుంబం. నేను ట్రంపెట్, మా నాన్న క్లారినెట్. ఇంగ్లండ్ రికార్డులు అన్నారు కదా, వాళ్ళ దగ్గర మాలాంటి బ్యాండ్లు ఉంటాయా?
– ఒక బ్యాండ్ కళాకారుడు, నాంపల్లి

జవాబు: ఉంటాయి తమ్ముడూ, నిండా ఉంటాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో బొగ్గు గనుల ఊళ్ళు, బట్టల మిల్లుల ఊళ్ళు ఎక్కడ చూసినా ఇత్తడి వాయిద్యాల బ్యాండే. క్లారినెట్ మాత్రం ఉండదు, అంతా ఇత్తడి, వెనక డోళ్ళు. పగలు గనిలోనో మిల్లులోనో పని, సాయంత్రం ప్రాక్టీసు. బ్లాక్ డైక్ మిల్లు బ్యాండ్ 1855 నుంచి ఉంది. గ్రైమ్‌థార్ప్ అనే బొగ్గుగని బ్యాండ్ 1917లో పుట్టింది. 1992 అక్టోబరులో వాళ్ళ గని మూసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఊరంతా ఉద్యోగాలు పోతున్న ఆ వారంలోనే ఆ బ్యాండ్ వాళ్ళు లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌కి వెళ్ళి జాతీయ పోటీలో మొదటి బహుమతి గెలిచారు. గని 1993లో మూతపడింది, బ్యాండ్ ఇప్పటికీ వాయిస్తోంది. నీ ఫోన్‌లో వెతికి విను, నెమ్మదిగా వాయించేవి ముందు విను. ట్రంపెట్ వాయించే చెయ్యి కాబట్టి ట్రంపెట్ లాంటిదే ఆ కార్నెట్, దాన్ని ఎంత మెత్తగా ఊదుతున్నారో నాకన్నా నీకే బాగా తెలుస్తుంది. నువ్వు విని ఏమనిపించిందో తప్పకుండా రాయి, ఆ ఉత్తరం ఇక్కడే వేస్తాను.

ప్రశ్న: ఆ సైనిక్‌పురి ఉత్తరం మీరు అంత ఆప్యాయంగా వేయడం నాకు నచ్చలేదు. అమెరికన్ ఇంగ్లండ్‌ని ప్రేమించుకుంటే ప్రేమించుకోనీ. మనల్ని రెండు వందల ఏళ్ళు దోచుకున్నవాళ్ళ టీ అలవాట్లనీ పాటలనీ మన పత్రికలో మెచ్చుకోవడం ఏం మర్యాద?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ (ప్రస్తుతం ఎల్బీనగర్)

జవాబు: మాస్టారూ, మీ కోపం న్యాయమైనది, దాన్ని తగ్గించుకోమని అడగను. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే కోహినూరు చేతులు మారి మారి లాహోరు చేరితే, 1849లో పదేళ్ళ పిల్లవాడైన మహారాజు దగ్గర సంతకం పెట్టించుకుని తీసుకెళ్ళారు. 1943లో బెంగాల్ కరువులో లక్షల మంది చచ్చిపోయారు. ఇవి మర్చిపోయి టీ తాగమని నేను ఎవరికీ చెప్పను.

కానీ దోచుకున్నవాడూ, గనిలో పని చేసి సాయంత్రం కార్నెట్ ఊదుకున్నవాడూ ఒకడు కాదు. మన పెద్దవాళ్ళు ఈ తేడా మనకంటే ముందే పట్టుకున్నారు. ముత్తుస్వామి దీక్షితార్ కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో, ఈస్టిండియా కంపెనీ కోటలో బ్యాండ్ వాయిస్తుంటే విని, ఆ ఇంగ్లిష్, ఐరిష్ ట్యూన్లకి ఆయన సంస్కృతంలో దేవుడి మీద సాహిత్యం రాశారు. నొట్టుస్వరాలంటే అవే, ఇప్పటికీ సంగీతం క్లాసుల్లో పిల్లలకి నేర్పుతారు. వాటిలో "సంతతం పాహి మాం" బ్రిటిష్ రాజుని కాపాడమని పాడే పాట ట్యూన్‌లోనే ఉంటుంది. రాజు స్థానంలో అమ్మవారు కూర్చుంది. ఆయన తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. ఇవాళ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఫిడేలు లేని గాత్ర కచేరీ మీరు విన్నారా? ఎవరికీ లొంగి తెచ్చుకున్నది కాదది, చెవికి బాగుంది కాబట్టి తీసుకుని మనదిగా చేసుకున్నాం.

అటు నుంచి ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు. సి.పి. బ్రౌన్ కంపెనీ ఉద్యోగిగా 1820లో కడప వచ్చాడు. తెలుగు నేర్చుకోవడం ఉద్యోగం కోసం మొదలైంది, ఆ తర్వాత చేసిందంతా ఉద్యోగానికి అక్కర్లేని పని. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాటాకు ప్రతులు పోగేసి, తప్పులు దిద్దించి, వేమన పద్యాలు అచ్చు వేయించి, 1852లో నిఘంటువు తెచ్చాడు. లండన్ తిరిగి వెళ్ళాక కూడా అక్కడ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు గ్రంథాలయం ఉంది. మీరూ ఆయన నిఘంటువు తిరగేసే ఉంటారు. కంపెనీ మీద కోపం ఉంచుకునే మనం బ్రౌన్‌ని ప్రేమించాం, రెండూ ఒకే గుండెలో పట్టాయి. ఎదురు ఫ్లాట్ అమెరికన్ చేస్తున్నదీ నా లెక్కలో అంతే, వాళ్ళ రాజుని వద్దనుకున్న దేశంవాడు వాళ్ళ పాటని ఉంచుకున్నాడు.

మీ ఉత్తరం వల్ల ఈ నాలుగు ముక్కలు రాయగలిగాను, నిజంగా సంతోషం. మళ్ళీ రాయండి.

ప్రశ్న: మా ఆయన ఆఫీసు నుంచి ఒక అమెరికన్ దంపతుల్ని భోజనానికి పిలిచాం. వాళ్ళకి ఇంగ్లిష్ టీ ఇష్టమట. ఎలా పెట్టాలి?
– కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మనం చాయ్ కాస్తాం, వాళ్ళు నానబెడతారు, తేడా అంతా అందులోనే. డస్ట్ టీ వద్దు, ఆకు టీ తెచ్చుకోండి. పింగాణీ కెటిల్ లేకపోతే మూత ఉన్న ఏ పింగాణీ గిన్నె అయినా ఫరవాలేదు. ముందు అందులో వేడినీళ్ళు పోసి తిప్పి పారబోయండి, లేకపోతే చల్లటి పింగాణీ నీళ్ళ వేడిని లాగేసుకుంటుంది. మనిషికి ఒక చెంచా ఆకు. నీళ్ళు బుడగలతో తెర్లుతున్నప్పుడే పోయాలి, స్టవ్ కట్టేసి చల్లార్చి కాదు. మూత పెట్టి నాలుగు నిమిషాలు గడియారం చూసి ఆగండి, కదపకండి. వడగట్టి కప్పుల్లో పోసి, కాచి చల్లార్చి మీగడ తీసేసిన పాలు చిన్న గ్లాసులో విడిగా ఇవ్వండి, ఎవరికి ఎంత కావాలో వాళ్ళే పోసుకుంటారు. చక్కెర కూడా విడిగానే. అల్లం, యాలకులు ఏవీ వేయొద్దు. రంగు మన చాయ్ కంటే పలచగా, ఇటుక రంగులో ఉంటుంది, పాడైందని కంగారు పడి మళ్ళీ స్టవ్ మీద పెట్టకండి.

అమెరికాలో కెటిల్ వాడకం తక్కువ కావడానికి ఒక కారణం కరెంటు. అక్కడ ఇళ్ళలో 120 వోల్టులు, కెటిల్ 1500 వాట్లు దాటదు, లీటరు నీళ్ళు మరగాలంటే నాలుగు నిమిషాలు దాకా పడుతుంది. బ్రిటన్‌లో 230 వోల్టుల మీద 3000 వాట్ల కెటిల్ రెండు నిమిషాల్లో తెర్లించేస్తుంది. అందుకని అమెరికాలో ఉండి టీ అలవాటు నిలబెట్టుకున్నవాళ్ళకి ఆ అలవాటంటే కొంచెం పట్టుదల కూడా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో మనిషికి వారానికి 2 ఔన్సుల టీయే ఇచ్చేవాళ్ళు, అంటే 57 గ్రాములు, ఆ రేషన్ 1952 దాకా సాగింది. వాళ్ళు ఒక్కో కప్పుని అంత శ్రద్ధగా పెట్టుకోవడం వెనక ఆ రోజులు కూడా ఉన్నాయనిపిస్తుంది నాకు.

పక్కన ఉస్మానియా బిస్కెట్లు పెట్టండి. ఉప్పూ తీపీ కలిసిన ఆ బిస్కెట్ ఈ పలచటి టీకి చక్కగా సరిపోతుంది. వీలైతే మర్నాడు వాళ్ళని ఒక ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళండి. డికాక్షన్ సన్న సెగ మీద గంటలు గంటలు ఉండటం, పాలు విడిగా చిక్కబడటం, రెండూ కప్పులో కలవడం చూపించండి. టీ ఇష్టమైనవాళ్ళకి ఇంతకంటే మంచి మర్యాద మన ఊళ్ళో లేదు.

ప్రశ్న: అమెరికన్లకి ఇంగ్లండ్ అంటే ఇష్టమైతే క్రికెట్ ఎందుకు అర్థం కాదు?
– తొమ్మిదో తరగతి, ఉప్పల్

జవాబు: అర్థం కాకపోవడమేంటి నాన్నా, ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ ఆడిందే వాళ్ళు, 1844లో న్యూయార్క్‌లో కెనడా మీద. కెనడా గెలిచింది. ఫిలడెల్ఫియాకి చెందిన బార్ట్ కింగ్ అనే ఫాస్ట్ బౌలర్ 1908లో ఇంగ్లండ్ వెళ్ళి 87 వికెట్లు తీసి, ఆ సీజన్ బౌలింగ్ సగటులో అక్కడి వాళ్ళందరికంటే పైన నిలిచాడు. తర్వాత బేస్‌బాల్ ముందు అది నిలబడలేదు. 2024 జూన్‌లో డాలస్ దగ్గర పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించారు, అది నువ్వే చూసి ఉంటావు.

ప్రశ్న: మా అబ్బాయి షెఫీల్డ్‌లో ఉద్యోగం. కోడలు అమెరికన్ పిల్ల, ఇంగ్లండ్ అంటే ప్రాణం, ఆ దేశంలో ఉండాలనే అక్కడికి వెళ్ళింది. వచ్చే మే నెలలో నేను వెళ్తున్నాను. "అత్తయ్యా, మిమ్మల్ని నడవడానికి తీసుకెళ్తాను" అంటోంది. నడవడానికి ఇంగ్లండ్ దాకా పోవాలా? ఇంకేం చూడాలి, ఖర్చు ఎక్కువ కాకుండా?
– కొత్తపేట నుంచి, వయసు 61

జవాబు: వెళ్ళండి, తప్పకుండా ఆ పిల్లతో నడవండి. ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 2,25,000 కిలోమీటర్ల కాలిబాటలు ఉన్నాయి, అవన్నీ చట్టప్రకారం ఎవరైనా నడవగలిగే దారులు. ఒకరి పొలం మధ్య నుంచి, గొర్రెల మంద పక్క నుంచి, కొన్నిచోట్ల ఇంటి పెరటి గోడ వెంట పోతుంది బాట, ఎవరూ ఆపకూడదు. నేను మా తమ్ముడి దగ్గర లీడ్స్‌లో ఉన్నప్పుడు మొదటిసారి అలా ఒకరి పొలంలోకి అడుగు పెట్టడానికి కాళ్ళు రాలేదు. రైతు ట్రాక్టరు మీద వస్తుంటే ఇప్పుడు తిడతాడనుకున్నాను, ఆయన చెయ్యి ఊపి, వాన వస్తుంది కోటు వేసుకోమని సైగ చేసి వెళ్ళిపోయాడు. దారికి అడ్డంగా రాతి గోడ వస్తే దాటడానికి రాతితోనో చెక్కతోనో మెట్లు ఉంటాయి. గేటు వస్తే దాటాక గొళ్ళెం పెట్టడం మర్చిపోవద్దు, గొర్రెలు బయటికి వచ్చేస్తాయి.

మీ అబ్బాయి ఊరు పక్కనే పీక్ డిస్ట్రిక్ట్ ఉంది. అక్కడ కిండర్ స్కౌట్ అనే కొండ ఒకప్పుడు జమీందార్ల వేటకి మాత్రమే, జనాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లు కుర్రాళ్ళు వందలమంది కావాలనే ఎక్కారు, ఐదుగుర్ని జైల్లో పెట్టారు. 1951లో అదే ప్రాంతం ఆ దేశపు మొదటి నేషనల్ పార్క్ అయింది. కొండ పైదాకా మీరు ఎక్కక్కర్లేదు, ఈడేల్ ఊరి నుంచి లోయలో చదునుగా ఉన్న దారి చాలు. మే నెలైనా స్వెటర్, రెయిన్ కోటు ఉండాలి, చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు కొనుక్కోండి.

ఖర్చు లేనివి ఇంకా ఉన్నాయి. పెద్ద చర్చిల్లో సాయంత్రం ఈవెన్‌సాంగ్ అని పాటల ప్రార్థన ఉంటుంది, టికెట్ ఉండదు, ఏ మతం వాళ్ళైనా వెనక బెంచీలో కూర్చుని వినొచ్చు. యార్క్‌లో నేను విన్నాను, చిన్నపిల్లల గొంతులు ఆ ఎత్తు కప్పు దాకా పోయి ఇంకా అక్కడే తిరుగుతున్నట్టు ఉంటాయి.

లండన్ వెళ్తే బ్రిటిష్ మ్యూజియం, దానికీ టికెట్ లేదు. అక్కడ మన అమరావతి స్తూపం శిల్పాలకి విడిగా ఒక గది ఉంది. పల్నాటి తెల్లటి రాతి పలకలు, నూటికి పైగానే. చాలావరకు 1845లో సర్ వాల్టర్ ఎలియట్ తవ్వించినవి, తర్వాత ఓడలో తీసుకెళ్ళినవి. నాకు అక్కడ సంతోషమూ వేసింది, కడుపులో మంటా వేసింది, అరగంట కదల్లేకపోయాను. ఇంగ్లండ్ అంతా మీకు మీ కోడలు చూపిస్తుంది కదా, ఈ గది మాత్రం మీరు ఆ పిల్లకి చూపించండి. స్తూపం మొత్తాన్ని చిన్నగా చెక్కిన పలక ఒకటి ఉంటుంది, ముందు దాని దగ్గరికి తీసుకెళ్ళండి, తామరపూలు ఎక్కడ, ఏనుగులు ఎక్కడ, మొక్కుతున్నవాళ్ళు ఎక్కడ అని వేలితో చూపిస్తూ ఆమె అడిగేదాకా చెప్పండి. ఆ గది ఆ రోజు తెరిచి ఉందో లేదో మాత్రం బయల్దేరే ముందు మీ అబ్బాయిని కనుక్కోమనండి.